గులాబి పురుగునకు నామకరణము

సత్తెనపల్లి నుండి పిడుగురాళ్లకు పోవు మార్గమున, కొండమోడు కూడలికి ఈవలనున్న రాజుపాలెము చుట్టుపట్ల నల్లరేగడి చేలలో, ఆశ్వయుజము వెళ్లి కార్తికము ప్రవేశించు వేళకు పత్తికాయలు పగుల నారంభించును. ఆ దినములలో చేనిలోనికి పోయి, ఇంకను పగులని పచ్చికాయ నొకదానిని కోసి, బొటనవ్రేలి గోటితో చీల్చి చూచిన వారికి, పైకి మచ్చయు గంటును లేక నవనవలాడుచున్న ఆ కాయలో ఒక తొన మాత్రము పసుపువన్నెకు తిరిగి, దూది ముద్దకట్టి, గింజ సగము తినివేయబడి, ఆ గింజలో తల దాచుకొని అరంగుళము పొడవు గల గులాబివన్నె పురుగొకటి కనబడును. గ్రుడ్డునుండి వెలువడిన కొలదికాలమునకే అది కాయలోనికి దూరును. దూరిన రంధ్రము కాయ పెరుగుటతోనే పూడిపోవును. కాయ లోపలిగోడపై లేచిన చిన్న పొక్కు తప్ప అది వచ్చిన త్రోవకు వేఱు గుర్తు మిగులదు. మందు పైన, పురుగు లోపల. ఏండ్ల తరబడి మన రైతు పడిన అవస్థకు మూలము ఈ రెండుమాటలలో నున్నది.

ఈ పురుగు నెఱుగని పత్తిరైతు పల్నాటిసీమలో లేడు. కాని ఈ పురుగు దేని సంతానమో ఆ రెక్కల పురుగును, అనగా చిమ్మెటను, నిదానించి చూచినవారు మిక్కిలి అరుదు. దాని తప్పు వారియందు లేదు, ఆ జీవి నడవడియే అట్టిది. పగలెల్ల అది నేల నెఱ్ఱెలలోను, రాలిన ఆకుల క్రిందను అణగియుండి, చీకటి పడిన పిమ్మటనే సంచరించును. రెక్కలు ముడుచుకొని కూర్చున్నప్పుడు వడ్లగింజ కంటె కొంచెము పెద్దదిగా కనబడు ఈ ప్రాణిని, రెక్కలు విప్పి కొలిచినచో, ఒక కొననుండి రెండవ కొనకు 15 మొదలు 20 మిల్లీమీటర్లు మాత్రమే ఉండును. భూతద్దము క్రింద నుంచినప్పుడు గదా, మొదటిచూపునకు వట్టి బూడిదవన్నెగా తోచిన ఆ దేహమున ఎంత విశేషమున్నదో తెలియుట! ముందరి రెక్కలు సన్ననివై, కొనయందు వాడియై, గోధుమవన్నెపై నల్లని చాయగల అస్పష్టమైన పట్టెలతో కూడియుండును. వెనుకటి రెక్కలు వానికంటె వెడల్పై, వెండిచాయతో మెఱయుచు, అంచు వెంబడి పొడవైన నూగుకుచ్చును దాల్చియుండును. నోటి కిరుప్రక్కల నుండు స్పర్శాంగములు పైకి వంగి తలకు మీదుగా లేచియుండును. మీసముల మొదటి కణుపుపై బిరుసువెండ్రుకలు కొన్ని దువ్వెన పండ్ల వరుసలో అమరియుండును. ఆ దువ్వెనను గురుతుగా గొనియే 1917లో ఆగస్ట్ బస్క్ అను అమెరికా కీటకశాస్త్రజ్ఞుడు దీనికొఱకు పెక్టినోఫోరా అను ప్రజాతిని నిర్మించెను. ఈ రంగులన్నియు రెక్కలపై నంటియున్న సూక్ష్మమైన పొలుసులవి; వ్రేలు తగిలినంతమాత్రముననే అవి రాలిపోవును; రాలిపోయినచో ఆ ప్రాణిని గుర్తించుటకు గల ఆధారములలో సగము పోయినట్లే.

ఈ జీవి శాస్త్రలోకమునకు క్రొత్తదిగా పరిచయమైన వృత్తాంతము మన దేశమునుండియే ఆరంభమగుచున్నది. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున లాంకషైరు మిల్లులకు పొడవుపింజ పత్తి కావలసివచ్చెను. మన నాటుపత్తి పింజ పొట్టిదని తలంచిన ఈస్టిండియా కంపెనీవారు అమెరికా గింజలను తెప్పించి, 1840లో ఆ దేశపు దక్షిణరాష్ట్రములనుండి పదిమంది పత్తితోటల యజమానులను గూడ రప్పించి, బొంబాయి, మద్రాసు, బెంగాలు రాజధానులలో పరిశోధనక్షేత్రములను తెఱచిరి. గుజరాతునందలి భరూచి పట్టణమున ప్రభుత్వ పత్తితోటల పర్యవేక్షకుడుగా నున్న యధికారి, 1842లో, అమెరికా పత్తిని విశేషముగా పాడుచేయుచున్న ఒక పురుగును, దాని రెక్కల రూపమును సేకరించి లండనులోని విలియం విల్సన్ సాండర్స్ అనునాతనికి పంపెను. సాండర్స్ వృత్తిచేత లాయిడ్స్ సంస్థలో ఓడల బీమా వ్యవహారములు చూచువాడు. ప్రవృత్తిచేత కీటకములయందును మొక్కలయందును ప్రాణము పెట్టుకొన్నవాడు. లండను కీటకశాస్త్ర సంఘమునకు అధ్యక్షత వహించినవాడు. ఆతడు ఆ చిన్న ప్రాణిని పరిశీలించి, ఇది పూర్వమెవ్వరును వర్ణించిన జాతి కాదని నిశ్చయించి, డిప్రెస్సేరియా గాసిపియెల్లా అను పేరుతో సంఘపు పత్రికలో దాని వర్ణనము ప్రకటించెను. శాస్త్రగ్రంథములలో ఆ నామము ప్రక్కన నేటికిని సాండర్స్, 1844 అని కనబడును.

ప్రజాతి నామము తరువాత పలుమార్లు మారినది. జాతి నామము మాత్రము చెక్కు చెదరలేదు. ఇట్లు నిలుచుటకు కారణము జంతునామకరణమునందలి కట్టుబాటు: 1758లో లిన్నేయసు ప్రకటించిన గ్రంథము మొదలుకొని, ఒక జాతికి సక్రమముగా ముందు పెట్టబడిన పేరే ప్రమాణము, ప్రజాతిని మార్చవచ్చును గాని, మొదటి కర్త పెట్టిన పేరును తమ యిష్టము వచ్చినట్లు తొలగించుటకు వెనుకటివారికి హక్కు లేదు. గాసిపియమ్ అనగా పత్తి. చివరనున్న ఎల్లా అనునది లిన్నేయసు చిన్న చిమ్మెటల కొక వర్గమునకు ఏర్పఱచిన తోక. వంకాయను తొలుచు పురుగు పేరు చివర ఆలిస్ అని యుండుటయు ఆ సంప్రదాయము చొప్పుననే.

ఒక క్రొత్త జాతిని వర్ణించుట యన్నది పేరు పెట్టుటతో ముగియునది కాదు. పేరు పెట్టుట అందులో అన్నిటికంటె సులభమైన భాగము. ఈ జీవి ఇంతవఱకు పేరున్న వేలకొలది జాతులలో దేనికిని చెందదని స్థాపించుట మొదటి పని. ప్రపంచమున ఇప్పటికి పేరు పొందిన చిమ్మెటలే ఇంచుమించు లక్షా అరువదివేల జాతులని అంచనా. రెండవది, ఏ నమూనాను చూచి ఆ వర్ణనము వ్రాసితిమో దానిని మూలనమూనాగా నిర్దేశించి, పట్టిన చోటు, తేది, పట్టినవారి పేరు గల చీటీతో ఏదేనియొక ప్రజాసంస్థ యందు శాశ్వతముగా భద్రపఱచుట. వర్ణనము వ్రాసినవాడు పోవును, వ్రాసిన భాష పాతబడును, వర్ణచిత్రము వెలిసిపోవును; నూఱేండ్ల పిమ్మట సందేహము కలిగినవాడు వచ్చి ఆ సూది మీది ప్రాణినే మఱల చూచుకొనగలుగుట యందే ఈ శాస్త్రపు నిజాయితీ యంతయు ఇమిడియున్నది.

చిన్న చిమ్మెటల విషయమున ఈ పని చేతినేర్పును, అంతకు మించిన యోర్పును కోరును. రాత్రివేళ తెల్లని గుడ్డ కట్టి దీపము వెలిగించి వచ్చినవానిని పట్టుట యొక పద్ధతి. గొంగళిదశలో నున్న పురుగును అది తినుచున్న మొక్కతోపాటు తెచ్చి పెంచి, రెక్కలు వచ్చువఱకు కాచుకొనుట అంతకంటె మేలైన పద్ధతి. మామూలు గుండుసూది ఈ ప్రాణిని చీల్చివేయును గనుక వెండ్రుకవంటి సన్నని ఉక్కుముల్లుతో గ్రుచ్చి, తడి ఆరకముందే రెక్కలను సరిచేసి ఆరబెట్టుదురు. పిమ్మట పొట్ట చివరిభాగమును వేఱుచేసి, పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణమున నాననిచ్చి, మెత్తని కండ కరగిపోగా మిగిలిన జననాంగముల గట్టిభాగములను గాజుపలకపై పఱచి సూక్ష్మదర్శినితో చూతురు. ఇటీవల కాలు నుండి తీసిన కణజాలములోని డీఎన్ఏ యందు 658 అక్షరముల పొడవుగల ఒక భాగమును చదివి, తెలిసిన జాతుల క్రమముతో సరిపోల్చుట గూడ ఆచారమైనది. ఇవి యన్నియు చేసిన పిమ్మటనే, రెక్క కొలత మొదలు కాలిమీది ముల్లు వఱకు, తడబాటు లేని భాషలో వర్ణనము వ్రాయవలసి యుండును.

సాండర్సు కాలమున ఇందులో సగము లేదు. ఆతడు చూచినది రెక్కల రంగును, రూపమును మాత్రమే. ఆతని వెనుక వచ్చి, చిన్న చిమ్మెటల శాస్త్రమున చక్రవర్తియనిపించుకొన్న ఎడ్వర్డ్ మెయ్రిక్ విషయమును ఇచ్చట చెప్పక తప్పదు. ఇంగ్లండునందలి మార్ల్‌బరో పాఠశాలలో ప్రాచీనభాషల నుపదేశించుచు, తీరిక వేళలలో పది వేలకు మించిన జాతులను ఆతడొక్కడే వర్ణించెను. పూసాలోని మన సామ్రాజ్య కీటకశాస్త్రజ్ఞుడు బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ మొదలైనవారు మన చేలనుండి సేకరించి పంపిన నమూనాలెన్నియో ఆతని బల్లమీదకే చేరినవి. అట్టివాడు చేతి భూతద్దముతో తృప్తిపడి, జననాంగ పరీక్షను కడవఱకు నిరాకరించెను. ఆతని పాండిత్యమునకు నమస్కరించుచునే, ఆ పట్టుదల వెనుకటివారికి పెద్ద భారమై కూర్చున్నదని నేను తలంచుచున్నాను. ఆతడిచ్చిన పేర్లు ఏ ప్రాణికి చెందునో నిర్ణయించుటకు నేటి పండితులు ఆతని మూలనమూనాలను ఒక్కొక్కటిగా తీసి మఱల పరీక్షింపవలసి వచ్చుచున్నది.

రెక్కల రంగు చాలదనుటకు మన గులాబి పురుగే నిదర్శనము. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు పత్తిచేలలో గులాబివన్నె పురుగు కనబడినప్పుడు అదియు ఇదియే యని మొదట తలంచిరి. 1926లో హోల్డవే అను శాస్త్రజ్ఞుడు నిదానించి చూచి, అది వేఱు జాతియని తేల్చి స్క్యూటిజెరా అని పేరిడెను. 1958లో ఇయాన్ కామన్ ఆ ప్రజాతి నంతయు పునఃపరిశీలించి, ఎండెమా అను మూడవ జాతిని గూడ వర్ణించెను. పైకి చూచిన మూడును ఒక్కటే. జననాంగ నిర్మాణమున మూడును మూడు. మందార, బెండ, పత్తి చేరిన కుటుంబపు అడవిమొక్కలే ఆ యాస్ట్రేలియా జాతుల తొలినివాసములు. మన దేశమున అమెరికా పత్తిమీద తొలుత వర్ణింపబడిన ఈ జాతికి పుట్టినిల్లు భారతదేశమా, ఇంకను తూర్పుననున్న దేశములా యన్న చర్చ ఈ బంధుత్వమును బట్టియే పుట్టినది.

వట్టి సూక్ష్మదర్శిని పాండిత్యమువలన పత్తిచేనికి ఒరిగినదేమని అడుగువారు ఈ పురుగు ప్రపంచయాత్రను తెలిసికొనవలెను. పంటకాలము ముగియుచు పగటి ప్రొద్దు తఱిగి చలి పెరుగు వేళకు, కాయలోని పురుగు వెంటనే ప్యూపా దశకు పోక, గింజలోపలనే ముడుచుకొని నిద్రావస్థయందు నెలల తరబడి యుండిపోవును. ఒక్కొక్కప్పుడు రెండు గింజలను పట్టుదారముతో అతికించి వాని నడుమ నివసించును. జిన్నింగు మిల్లులో దూది నుండి వేఱైన గింజల కుప్పలో ఈ జంటగింజను వేళ్లతో విడదీసి చూడుడు: ఒకదాని పప్పంతయు గుల్లయై, ఆ గుల్లకును రెండవదాని రంధ్రమునకును నడుమ తెల్లని పట్టుపొర కట్టి, లోపల పురుగు బ్రతికియే యుండును. గింజను ఓడ ఎక్కించినవాడు తెలియకయే పురుగును గూడ ఎక్కించెను. 1906, 1907 సంవత్సరముల ప్రాంతమున మన దేశపు పత్తిగింజలతో అది ఈజిప్టునకు పోయెను. ఈజిప్టు గింజలతో 1911 నాటికి మెక్సికోకు చేరెను. 1917లో టెక్సాసు రాష్ట్రపు హెర్న్ పట్టణ పరిసరములలో బయటపడెను. నైలునది ఒడ్డున దొరకిన పురుగును, టెక్సాసులో దొరకినదానిని, డెబ్బదియేండ్ల క్రిందట భరూచి నుండి పోయినదానితో సరిపోల్చి ఇది యదియేనని చెప్పగలిగినవారు లేకున్నచో, గింజల రవాణాపై నిర్బంధము విధించుటకు ఏ ప్రభుత్వమునకును ఆధారము దొరకియుండెడిది కాదు.

అమెరికావారు ఒక శతాబ్దము పోరాడి 2018 అక్టోబరులో తమ పత్తిభూములలో ఈ పురుగు నిర్మూలమైనదని ప్రకటించిరి. మోళ్లను దున్నివేయుట, పురుగును చంపు విషమును జన్యువు ద్వారా తనలోనే తయారుచేసుకొను బీటీ పత్తిని వేయుట, లింగాకర్షకములను వాడుట ఇవి యటుండగా, అరిజోనా రాష్ట్రపు ఫీనిక్సు నగరమున ప్రత్యేకశాలయందు లక్షలకొలది రెక్కల పురుగులను పెంచి, వానికి సంతానము కలుగకుండ కిరణములచే చేసి, విమానములనుండి చేలపై విడిచిరి. పెంచిన పురుగులకు ఎఱ్ఱని రంగు కలిపిన మేత పెట్టెడివారు. చేలలోని లింగాకర్షక బుట్టలో పడినదానిని చిదిమి చూచి, ఎఱుపు కనబడిన తమదని, లేకున్న చేనిదని నిర్ణయించుకొనెడివారు.

మన కథ వేఱుగా నడచినది. 1980ల దశకమున గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిచేలను తెల్లదోమయు, శనగపచ్చ పురుగును ధ్వంసము చేసి, రైతులను అప్పుల పాలు చేసి, ఎందఱి ప్రాణములనో బలిగొన్న సంగతి పల్నాడు మఱచునది కాదు. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తిని, 2006లో వచ్చిన రెండు జన్యువుల పత్తిని మన రైతులు రెండు చేతులతో స్వీకరించుటకు ఆ జ్ఞాపకమే కారణము. శనగపచ్చ పురుగు అణగినది. గులాబి పురుగును కొంతకాలము కనబడలేదు. కాని 2010 నాటికి గుజరాతున మొదటి జన్యువునకును, ఆ పిదప కొలది సంవత్సరములకే రెండవదానికిని అది అలవాటుపడినట్లు తేలెను. 2017 నాటికి మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశముల చేలలో పూర్వపు రూపున నిలిచెను.

రెండు పురుగులలో ఒకటి లొంగి రెండవది తిరుగబడుటకు కారణములు వాని జీవితవర్ణనమందే యున్నవి. శనగపచ్చ పురుగు శనగను, కందిని, టమాటాను, మిరపను గూడ తిని బ్రతుకును గనుక బీటీ విషమును రుచిచూడని దాని బంధువర్గము పొరుగుచేలలో ఎల్లప్పుడును ఉండును. వానితో కలయిక వలన తట్టుకొను గుణము పలుచబడును. గులాబి పురుగు ఇంచుమించు పత్తికే అంకితము. పత్తియంతయు బీటీయే యైనప్పుడు, చుట్టును వేయవలసిన బీటీ కాని వరుసలను వేయనప్పుడు, బ్రతికి బట్టకట్టినవన్నియు తట్టుకొన్నవే, కలియునవియు అవియే. మన దేశమున వేయునవి సంకరజాతి విత్తులగుటచే ఒకే కాయలో విషము గల గింజలును లేని గింజలును కలిసియుండి, పురుగునకు సాధన చేయుటకు అవకాశ మేర్పడుచున్నది. దానికితోడు సంక్రాంతి దాటినను పత్తిని తీసివేయక, ఇంకొక తీత వచ్చునను ఆశతో ఫాల్గుణము వఱకు చేనిలో ఉంచినచో, అది నిద్రావస్థకు పోవు తరమునకు మనమే మేత పెట్టినట్లగుచున్నది.

రైతు చేతికి వచ్చిన ఆయుధములలో నాకు అత్యంత గౌరవమున్నది లింగాకర్షక బుట్టయందు. ఆడపురుగు చీకటిలో వెదజల్లు వాసన యేమో 1973లో రసాయనశాస్త్రజ్ఞులు నిర్ధారించిరి: ఒకే రసాయనమునకు గల రెండు రూపములు ఇంచుమించు సమపాళ్లలో కలిసియుండుట దాని రహస్యము, పాళ్లు తప్పినచో మగపురుగునకు ఆకర్షణ తగ్గును. ఆ మిశ్రమము నింపిన రబ్బరు ఎరకు ప్రధానముగా ఈ జాతి మగపురుగులే వచ్చును. బుట్టకు ఎనిమిది చొప్పున వరుసగా మూడు రాత్రులు పడినచో మందు చల్లవలసిన సమయము వచ్చినట్లని మన శాస్త్రజ్ఞుల సూచన. ఆ లెక్క పెట్టవలసిన రైతు, బుట్టలో చిక్కిన ప్రాణి అదియా కాదా యని తెలిసికొనవలెను గదా; సాండర్సు లండనులో చేసిన పరీక్షయే, రాజుపాలెము చేనిగట్టున తెల్లవాఱుజామున మఱల జరుగుచున్నది.

మన రైతుల కన్ను తక్కువైనది కాదు. ఒకనాడు అచ్చటి చేనిలో కలుపు తీయుచున్న ముసలమ్మ ఒకతె, రేకులు విచ్చక కొనలు ముడివడియున్న పత్తిపువ్వు నొకదానిని త్రుంచి నా చేతిలో పెట్టి, “ఇది గుడ్డిపువ్వు నాయనా, విచ్చుకోదు. లోపల పురుగుంటది, విప్పి చూడు,” అన్నది. విప్పి చూడగా రేకుల అంచులు సన్నని పట్టుదారముతో కుట్టబడియున్నవి. నడుమ పుప్పొడిలో లేతపురుగు, ఇంకను గులాబివన్నె రాక తెల్లగనే యున్నది, తల మాత్రము నల్లన. వ్యవసాయశాఖ కరపత్రములలో గుడ్డిపూలను ఏరి నాశనము చేయుడని నేడు వ్రాయుచున్నారన్న, ఆ గురుతు గ్రంథమునకు ఎక్కుటకు ముందు చేనిలో పనిచేయువారి నోట నున్నట్టిదే. రెక్కలను కొలిచిన దొరలకు పురుగు బ్రతుకు తెలియదు. బ్రతుకు తెలిసిన మనవారికి రెక్కలను కొలుచు సాధనములు అందలేదు. ఈ రెండు జ్ఞానములు ఒకే చోట కలిసినంతవఱకే మేలు జరిగినది, కలియనంతవఱకును నష్టము జరిగినది.

ఇంకను పేరు పొందని చిన్న చిమ్మెటలు మన దేశమున లెక్కకు మిక్కిలి. వానికై అరణ్యములకు పోనక్కరలేదు. పత్తిచేని గట్లమీద తుత్తురుబెండయు, అడవిబెండయు పెరుగును. అవి పత్తికి దాయాదులు. వాని కాయలను తొలుచు పురుగులను రెక్కల దశ వఱకు పెంచి చూచినవారు తక్కువ. నరసరావుపేటలోనో సత్తెనపల్లిలోనో జీవశాస్త్రము చదువుకొను విద్యార్థి కీ పని అందరానిది కాదు. పురుగున్న కాయలను గాజుసీసాలో వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి, మొక్క పేరు, ఊరు, తేది వ్రాసిన చీటీ లోపలనే వేయవలెను. కాయలు బూజుపట్టకుండ అడుగున కాగితము మార్చుచుండవలెను. రెక్కల పురుగు వెలువడిన వెంటనే పట్టరాదు. రెక్కలు గట్టిపడుటకు ఒక రాత్రి విడిచి, మఱునాడు సీసాతోనే ఫ్రిజ్జులోని మంచుగదిలో ఉంచినచో పొలుసు రాలకుండ ప్రాణము పోవును. ఒక మగ, ఒక ఆడ యైనను దొరకువఱకు కాయలు సేకరించుట మానరాదు. ప్యూపా విడిచిన పెంకును గూడ అదే చీటీతో చేర్చి, బాపట్ల వ్యవసాయకళాశాలలోనో, గుంటూరు దగ్గఱి లాం పరిశోధనస్థానములోనో కీటకశాస్త్ర విభాగమువారికి అందించవచ్చును. అచ్చట తేలనిది బెంగుళూరులోని జాతీయ కీటకసంగ్రహమునకు పోవును. వ్రేలితో మాత్రము తాకరాదు.